బొట్టు పెట్టిన తొమ్మిది హెల్మెట్లు

మా సైటులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలోనే నా మీద ఒక ఫిర్యాదు చేస్తారు. సేఫ్టీ హెల్మెట్ మీద పెయింటుతో పేరు రాసుకోనివ్వను. స్టిక్కర్ అంటించుకోనివ్వను. మరక పడితే సబ్బునీళ్ళు తప్ప ఇంకేదీ తగలనివ్వను. "ఇంత చాదస్తం ఎందుకన్నా, ప్లాస్టిక్ టోపీయే కదా" అని మొన్న ఒకతను అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదు కనుక అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఇది ఆ జవాబు.

నాకింకా రిటైరయ్యే వయసు రాలేదు. ముప్పై ఒకటి. నేను చెప్పబోయే ఉద్యోగం మాత్రం నాకంటే ముందే రిటైరైపోయింది. 2010 దాటిన కొత్తలో మూడు సీజన్ల పాటు నేను కువైట్‌లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు పరికరాలు చూసుకునే మనిషిని. హెల్మెట్లు ముప్పై ఆరు, భుజాల కవచాలు ముప్పై ఆరు, గాలి పంపులు రెండు, నేను ఒకణ్ణి.

మాది కోనసీమ. డిప్లొమా మెకానికల్ చేసి, అల్ రాయ్‌లో కార్ల డెంటింగ్, పెయింటింగ్ చేసే ఒక వర్క్‌షాపులో చేరాను. ఆ వర్క్‌షాపు ముదీర్, అంటే మేనేజరు, కువైటీ, అమెరికాలో చదువుకుని వచ్చినాయన. చదువుతో పాటు ఈ ఆట పిచ్చి కూడా పట్టుకొచ్చారు. ఆరు జట్ల పోటీ ఒకటి మొదలైతే అందులో మాదీ ఒక జట్టు పెట్టారు. జీతానికి ఆడేవాళ్ళు నలుగురిని, ఒక ముసలి కోచ్‌ను అమెరికా నుంచి రప్పించారు. మిగతా ముప్పై మంది బ్యాంకుల్లో, కాలేజీల్లో, ఆయిల్ కంపెనీల్లో పనిచేస్తూ సెలవు పెట్టుకుని ఆడేవాళ్ళు. జీతం తీసుకుని ఆడేవాళ్ళు నలుగురు, జీతం కోత పెట్టించుకుని ఆడేవాళ్ళు ముప్పై మంది అన్నమాట.

ఈ ఆట గురించి మీకు తెలియాల్సినవి మూడు. ఒకటి, పేరుకే ఫుట్‌బాల్. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. పరిగెత్తేవాణ్ణి ఎదుటివాళ్ళు గుద్ది పడేస్తారు. రెండు, బంతి మన దగ్గర ఉన్నంతసేపూ ఆడే పదకొండు మంది వేరు, ఎదుటివాళ్ళ దగ్గరికి పోయాక దిగే పదకొండు మంది వేరు. ఒక గుంపు ఆడుతుంటే ఇంకో గుంపు గీత బయట కూర్చుంటుంది. మూడు, ఒక్కో సగంలో జట్టు మూడుసార్లు ఆట ఆపించుకోవచ్చు. ఆపించినప్పుడు గడియారం కూడా ఆగుతుంది. ఈ మూడూ గుర్తుంచుకోండి. చివర్లో మూడూ నా మెడకే చుట్టుకున్నాయి.

వర్క్‌షాపులో కొలతలు రాసే అలవాటు నాకొక్కడికే ఉందని ముదీర్ నన్ను పెయింట్ బూత్ నుంచి తీసి జట్టు స్టోర్‌లో పడేశారు. స్టోర్ అంటే అదే వర్క్‌షాపులో అడ్డుగోడ కట్టిన గది. హెల్మెట్ తయారుచేసిన కంపెనీ పుస్తకం ఒకటి వచ్చింది. రెండుసార్లు చదివాను. చదివి పద్నాలుగు సూత్రాల జాబితా రాసి, లామినేషన్ చేయించి తలుపుకు అంటించాను. ఒక్కో హెల్మెట్‌కు పదకొండు గడుల పట్టీ తయారుచేశాను: ఎవరి తల, ఎంత చుట్టుకొలత, దవడ మెత్తలు ఎంత మందం, లోపలి గాలితిత్తుల్లో పైన ఎంత గాలి, పక్కల ఎంత గాలి, మరలు, గడ్డం పట్టీలు, అలా. కోచ్ ఆ పట్టీ చూసి, తను నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాననీ ఇంత శుభ్రమైన కాగితం చూడలేదనీ అన్నారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను. ఆ మెచ్చుకోలు నాకు ఆ ఏడాదంతా తిండి పెట్టింది. తిండి పెట్టినదే అరగకుండా కూడా చేసింది.

స్టోర్‌లో నాకు తోడు ఒక పెద్దాయన. కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. సల్వాలో ముదీర్ వాళ్ళమ్మగారి ఇంట్లో డ్రైవర్. అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు కూడా ఆమె పేరు మీదే. ఇంట్లోవాళ్ళతో పాటు ఈయనా ఆమెను మామా అనేవాడు, అరబ్బీలో అమ్మ అని. జట్టుకు బస్సు నడపడానికీ బట్టలు ఉతకడానికీ మామా దగ్గర నుంచి ఈయన్ని అరువు తెచ్చుకున్నారు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి.

"ఏమబ్బీ, మీ గోదారోళ్ళు గోడకు తగిలినా అండీ అంటారంట, నిజమేనా?" అన్నాడు మొదటిరోజే.

"గట్టిగా తగిలితే అననండి" అన్నాను.

"సూడు, అన్న్యావు."

ఆయన సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి ప్రాక్టీసుకు బయల్దేరేటప్పుడు సల్వా సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ముప్పై నాలుగు మంది రోడ్డు పక్కన బ్యాగులు వేసుకుని నిలబడి ఉన్నారు. బస్సు కనబడగానే కేకలు, ఈలలు. నేను కంగారుపడి క్షమాపణ చెప్పమని సైగ చేస్తే, ఆయన మొహంలో సంతోషం దాచుకోలేకపోతున్నాడు.

"పందొమ్మిదేండ్లు నాయనా" అన్నాడు తర్వాత, సబ్బుపొడి కొలుస్తూ. "స్కూలు ముందర, ఆస్పత్రి ముందర, సూక్ బజార్ల ముందర, కార్లో కూచోని కాచుకోవడమే నా పని. నాకోసరం ఒగరు కాచుకోని నిలబడింది ఇయ్యాలే. ఈ పని మాత్రం వదులుకోను."

స్టోర్ తలుపు మీద నా జాబితాకు పైన ఆఫీసు వాళ్ళ కాగితం ఒకటి ఉండేది. లోపల వంట చేయరాదు, పొగ తాగరాదు, పూజా సామగ్రి ఉంచరాదు, అతిక్రమిస్తే ఉద్యోగం ఖలాస్. పెయింట్ షాపు పక్కనే కనుక మంటలంటే వాళ్ళకు భయం. అన్న అరబ్బీ మాట్లాడతాడు కానీ చదవలేడు. కింద ఇంగ్లీషులో ఉన్నది నేనే చదివి చెప్పాను. తలూపాడు.

సీజన్ నవంబరులో మొదలు. అక్టోబరులో దసరా వచ్చింది. ఆ పొద్దున నేను స్టోర్‌కు వచ్చేసరికి బయట బస్సు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు నలిగి ఉన్నాయి. అద్దానికి గంధం, కుంకుమ. నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి నిలబడిపోయాను. కింది అరలో వరసగా ఉన్న తొమ్మిది తెల్లటి హెల్మెట్లకు నుదుటి దగ్గర ఇంతింత బొట్లు.

"అన్నా, ఇవేంటి?"

"ఆయుధ పూజ. మంట పెట్టలా, అగరొత్తి గూడా ఎలిగించలా. కుంకుమ అయిపాయె గానీ లేకుంటే మూడు అరలకూ పెట్టేటోణ్ణి."

"కాగితం మీద రాసుంది కదండి. చదివి చెప్పాను కూడానూ."

"పూజా సామాన్లు ఉంచగూడదన్న్యావు. నేను ఉంచలేదే. పెట్టి తెచ్చేసినా. కుంకుమ బరిణ నా జేబులో ఉండాది."

ఆ వాదనకు నా దగ్గర సూత్రం లేదు. మధ్యాహ్నం నాలుగింటికి కోచ్ వచ్చి హెల్మెట్లు పంచుతానన్నారు. తడిగుడ్డతో తుడిచాను. కుంకుమ పోయింది, రంగు పోలేదు. తొమ్మిదింటి మీదా గులాబీ రంగు మరకలు, రూపాయి బిళ్ళంత. సబ్బు పెట్టి మధ్యాహ్నం దాకా రుద్దాను. పాలిపోయిందే గానీ పోలేదు. మూడింబావు అయింది. అన్న మొహం చూశాను. ఆయన తలుపు మీది కాగితం వైపు చూస్తున్నాడు.

పది అడుగుల దూరంలో పెయింట్ షాపు. రెండేళ్ళు నేను కారు బంపర్ల మీద మరకలు తీసింది థిన్నర్‌తోనే. చెయ్యి దానంతటదే వెళ్ళింది. పాత బనియన్ గుడ్డ తడిపి ఒక్కో హెల్మెట్ మీద ఒక్క తుడుపు. అద్దాల్లా తయారయ్యాయి. నా జాబితాలో తొమ్మిదో సూత్రం "సబ్బునీళ్ళు తప్ప ఇతర ద్రావకాలు వాడరాదు". నేను రాసిందే. దానికి వీపు పెట్టి నిలబడి ఈ పని చేశాను. ఒక్క తుడుపేగా అనుకున్నాను. పట్టీలో పదకొండు గడులున్నాయి, ఇది రాయడానికి గడి లేదు, కనుక రాయలేదు. రాయకపోవడానికి ఆ రోజు నాకు నేను చెప్పుకున్న కారణం అది.

సీజన్ గురించి చెప్పకపోతే అన్యాయం. మొదటి ఆట ఓడిపోయాం. హెల్మెట్ల నిండా ఎదుటి జట్టు నీలం రంగు గీతలు. నేను రాత్రి పగలు కష్టపడి టూత్‌పేస్టుతో ముప్పై నాలుగూ రుద్ది, మరునాడు తళతళలాడించి వరసగా పేర్చాను. ఆటగాళ్ళు వచ్చి చూసి మూగబోయారు. తర్వాత తెలిసింది, ఆ గీతలు వాళ్ళకు పతకాలట. ఎవరిని ఎంత గట్టిగా గుద్దారో ఇంటికి వెళ్ళి చూపించుకోవడానికి. సెంటర్ స్థానంలో ఆడే కువైటీ కుర్రవాడు, బ్యాంకులో క్యాషియర్, జట్టులోకెల్లా పెద్ద తలకాయ, నా దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా "నాది ఇక్కడ ఒక గీత ఉండేది, ఎక్కడ పెట్టావు" అని అడిగాడు.

రెండో ఆటా ఓడిపోయాం. కోచ్ అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు. బస్సులో అందరికంటే ముందు సీట్లో కూర్చుని నోటుబుక్కులో గీతలు గీసుకునేవారు. మూడో ఆట నుంచి గెలవడం మొదలుపెట్టాం. సాయంత్రాలు చలి పెరిగాక హెల్మెట్లలో గాలి కుంచించుకుపోతుందని, మధ్యాహ్నం వేడిలో బిగించినవి ఐదింటికి వదులవుతున్నాయని నేను కనిపెట్టాను. అప్పట్నుంచి ఆట మధ్యలో పంపు పట్టుకుని తలకాయల వెంట తిరిగేవాణ్ణి. ఆటగాళ్ళు నన్ను చూస్తే చాలు, పంక్చర్ షాపుకు వచ్చిన సైకిళ్ళలా తలలు వంచేవాళ్ళు. ఏడు ఆటల్లో నాలుగు గెలిచి, సెమీఫైనల్ గెలిచి, ఫిబ్రవరిలో ఫైనల్‌కు చేరాం. అన్న ఈలోగా ఆట మొత్తం నేర్చుకున్నాడు. మామాను ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఆమెకు వివరిస్తున్నాడని ఆ ఇంటి వంటమనిషి మాకు కబురు చెప్పింది.

ఫైనల్ శుక్రవారం మధ్యాహ్నం, అహ్మదిలో. గురువారం భోజనాలయ్యాక నేను వారపు తనిఖీకి కూర్చున్నాను. సెంటర్ కుర్రవాడి హెల్మెట్ మెత్తలు తీసి లోపల టార్చి వేశాను. కుడి చెవి రంధ్రం నుంచి పైకి ఒక గీత. వెంట్రుక అనుకుని వేలితో తుడిచాను. వేలికి తగల్లేదు. గోరుకు తగిలింది.

రెండు సెంటీమీటర్ల పగులు.

బహుశా దెబ్బ తగిలి ఉంటుంది అనుకోవాలని చాలా ప్రయత్నించాను. అది కింది అరలోది. కింది అరలోవి మిగతా ఎనిమిదీ తీశాను. రెండింటిలో టార్చి వెలుగుకు సాలెగూడు లాంటి సన్నగీతలు కనిపించాయి. ఆరింటిలో ఏమీ లేదు. పై రెండు అరల్లో ఒక్కదానికీ లేదు. కంపెనీ పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. ద్రావకం తగిలితే ఆ ప్లాస్టిక్ పైకి కనబడకుండా లోపల బలం కోల్పోతుందని, ఎప్పుడు పగులుతుందో చెప్పలేమని రాసి ఉంది. పెద్ద అక్షరాల్లోనే రాసి ఉంది.

అన్న ఉతికిన జెర్సీల మూట దించుతూ చూశాడు. "ఏమబ్బీ, టార్చి పెట్టుకోని ఎతుకుతాండావు, పేన్లా?"

"ఇలా రండి అన్నా."

చూపించాను. చెప్పాను. ఆయన కింద కూర్చున్నాడు.

"ఎన్నిట్లకు రాసినావు ఆ థిన్నరు?"

"మీరు ఎన్నిటికి బొట్టు పెట్టారో అన్నిటికీ."

"తొమ్మిదా?"

"తొమ్మిది."

"రేపటికి ఆగుతాయా?"

"కొన్ని ఆగుతాయేమో. ఏవో తెలీదండి. ఇది ఆగదు." సెంటర్ కుర్రవాడి హెల్మెట్ మా ఇద్దరి మధ్యా ఉంది. వాడి పని బంతి వెనక్కి అందించి ఎదుటివాణ్ణి తలతో భుజంతో ఢీకొనడం. ఒక ఆటలో అరవై సార్లు.

చెబితే తొమ్మిది హెల్మెట్లు పోతాయి, ఆ తొమ్మిదిలో ఏడు మొదటి వరస ఆటగాళ్ళవి, అన్నీ పెద్ద సైజువి. దుకాణంలో కొనేవి కావు, అమెరికా నుంచి రావాలి. ఫైనల్ పోతుంది. నా ఉద్యోగం పోవచ్చు, అది న్యాయమే. మరక ఎక్కడిదని అడిగితే అన్న ఉద్యోగం కూడా పోతుంది. కాగితం తలుపు మీదే ఉంది.

"నూనె మరక అని చెబుతానన్నా. మీ పేరు రాదు."

"నువ్వు అబద్ధం చెప్తే మొగమంతా చెమట పడ్తాదే."

"అదేం లేదండి."

"ఇప్పుడే పట్నాది."

కోచ్ బయట బస్సులోనే ఉన్నారు, ఎప్పటిలాగే ముందు సీట్లో, నోటుబుక్కుతో. వెళ్ళి చెప్పాను. పగిలిన హెల్మెట్ ఆయన చేతికిచ్చి, అక్టోబరులో ఏం చేశానో చెప్పాను. ఆయన గోరుతో గీతను తడిమారు. నోటుబుక్కు మూశారు.

"ఏ మరక?"

"నూనె మరక."

"మన స్టోర్‌లో నూనె ఎందుకుంది?"

నుదుటి మీద నిజంగానే చెమట పట్టింది. వెనకే అన్న బస్సెక్కిన చప్పుడు. డ్రైవర్ సీట్లో కూర్చోలేదు, మెట్టు మీదే నిలబడ్డాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ రోజు ఖర్చుపెట్టాడు.

"కోచ్, నో ఆయిల్. కుంకుమ్." తన నుదుటి మీద వేలు పెట్టి చూపించాడు. "ఐ పుట్. నైన్ పీస్. హీ క్లీన్ ఫర్ మీ. ఫస్ట్ మిస్టేక్ మై."

"ఎందుకు పెట్టావు?"

"మై కంట్రీ, వన్ డే, ఆల్ మెషీన్ గాడ్. టైలర్, మెషీన్ గాడ్. డ్రైవర్, బస్ గాడ్. ఐ థింక్, ప్లేయర్, హెల్మెట్."

కోచ్ బస్సు అద్దం వైపు చూశారు. "ఈ బస్సుకు కూడా పెట్టావా?"

"బస్ ఫుల్ కుంకుమ్."

"అందుకే కాబోలు, సీజనంతా ఒక్కసారీ ఆగిపోలేదు" అన్నారు కోచ్. నవ్వలేదు. తర్వాత నా వైపు తిరిగి చెప్పిన మాటలు నేను ఇప్పటికీ కొత్తవాళ్ళకు అప్పజెబుతుంటాను. "థిన్నర్ రాయడం ఒక నిమిషం తప్పు. చెప్పకపోవడం నాలుగు నెలల తప్పు. అక్టోబరులో చెప్పి ఉంటే నవంబరుకు తొమ్మిది కొత్తవి తెప్పించేవాణ్ణి. ఈ నాలుగు నెలలూ వాళ్ళు ఆ తొమ్మిదింటితో ఆడారు."

అంతవరకూ నేను రేపటి గురించే భయపడుతున్నాను. అయిపోయిన ఎనిమిది ఆటల కోసం అప్పుడు భయం మొదలైంది.

"ఆ తొమ్మిదీ రేపు గ్రౌండుకు రావు" అన్నారు. "పో, నీ పట్టీలు తీసుకురా."

బస్సులోనే కూర్చుని పట్టీలు సీట్ల మీద పరిచాం. పై అరల హెల్మెట్లు ఇరవై ఏడు. అదనపు ఆటగాళ్ళ హెల్మెట్లలో ముగ్గురికి సరిపోయేవి దొరికాయి. మిగిలింది నలుగురు పెద్ద తలలవాళ్ళు. నలుగురూ బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఆడేవాళ్ళే. అప్పుడు కోచ్ బంతి లేనప్పుడు ఆడే గుంపు పట్టీలు పక్కన పెట్టారు. అటువైపు దాదాపు అవే చుట్టుకొలతలవాళ్ళు నలుగురున్నారు. ఒకరు ఆడుతుంటే ఒకరు కూర్చునేవాళ్ళే. ఇద్దరికీ ఒకే హెల్మెట్. బంతి చేతులు మారిన ప్రతిసారీ నాలుగు హెల్మెట్లు తలలు మారాలి, దవడ మెత్తలు మారాలి, గాలి సరిచేయాలి. ఉన్న సమయం నిమిషంన్నర, రెండు నిమిషాలు.

"నలుగురు మనుషులు, రెండు పంపులు" అన్నాను.

"పంపొకటి నాకియ్యి" అన్నాడు అన్న. "టైర్లకు కొట్టినోణ్ణి, తలకాయలకు కొట్టలేనా?"

శుక్రవారం మధ్యాహ్నం మేము ఆ పని ఇరవైసార్లకు పైగా చేశాం. అన్న జేబుల్లో ఒకవైపు మందం మెత్తలు, ఒకవైపు పల్చటివి. నేను ఎడమచేత్తో పట్టీ, కుడిచేత్తో పంపు. ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చి తల వంచితే హెల్మెట్ లాగి, చెమటతో తడిసిన దాన్ని ఇంకొకడి తలకు తొడిగి, ఇటూ అటూ ఊపి, సరిపోయిందంటే వీపు మీద చరిచి పంపడం. సెంటర్ కుర్రవాడు రెండు తలల మధ్య తిరిగే ఆ హెల్మెట్‌ను ప్రతిసారీ ముక్కు చిట్లించి తొడుక్కునేవాడు. "దీన్ని ఇంతకుముందు వేసుకున్నవాడు ఉల్లిపాయ తిన్నాడు" అని మూడుసార్లు ఫిర్యాదు చేశాడు. ఎందుకు మారుస్తున్నామో పొద్దునే కోచ్ అందరికీ చెప్పారు. ఎవరి పేరూ చెప్పలేదు. అయినా అందరికీ తెలిసిపోయింది. జీతానికి ఆడే నలుగురిలో ఒకతను నా వైపు చూడటం మానేశాడు.

ఆట ఆఖరి సగంలో మా బంతి ఎదుటివాళ్ళు హఠాత్తుగా లాక్కున్నారు. తర్వాత రెండు నిమిషాలకే మావాళ్ళు తిరిగి లాక్కున్నారు. అలాంటప్పుడు మార్చుకోవడానికి విరామం ఉండదు. గడ్డం పట్టీ బిగించని తలతో కుర్రవాడు లోపలికి పరిగెత్తబోతే నేను జెర్సీ పట్టుకుని ఆపాను. కోచ్ నన్ను చూసి, రెఫరీ వైపు చేతులతో ఇంగ్లీషు టీ అక్షరం చూపించారు. ఆట ఆగింది. అలా మూడుసార్లు ఆగింది. మూడూ హెల్మెట్లకే ఖర్చయ్యాయి.

చివరి నిమిషం. రెండు పాయింట్ల వెనక ఉన్నాం. బంతి మా దగ్గరే. గోలు కంబాల మధ్యకు తన్నితే మూడు పాయింట్లు. తన్నేవాడికి అందే దూరం వరకు వచ్చేశాం. మావాణ్ణి ఒకణ్ణి మైదానం మధ్యలో పడేశారు. గడియారం తిరుగుతోంది. ఆపించడానికి ఒక్క అవకాశమూ మిగల్లేదు. తన్నేవాడు పరిగెత్తుకుంటూ వెళ్ళి నిలబడేసరికి విజిల్ పడింది.

బస్సులో తిరిగి బయల్దేరాం. అహ్మది నుంచి అల్ రాయ్ దాకా అన్న హారన్ కూడా కొట్టలేదు. వెనక ఎవరో మాత్రం ఇంగ్లీషులో అన్నారు, "ఒక్క మరక కోసం." నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నిజానికి నాకూ లోపల అదే అనుమానం. ఆ తొమ్మిదీ ఆగి ఉండేవేమో.

శనివారం సాయంత్రం కోచ్ అందర్నీ స్టోర్ ముందుకు పిలిచారు. ముదీర్ కూడా వచ్చారు. కోచ్ పెయింట్ షాపు నుంచి డెంటింగ్‌కు వాడే రబ్బరు సుత్తి తెప్పించారు. పై అర నుంచి ఒక హెల్మెట్, కింది అర నుంచి ఒకటి, సిమెంటు గచ్చు మీద పెట్టారు. మొదటిదాన్ని గట్టిగా కొట్టారు. సుత్తి ఎగిరింది, హెల్మెట్ దొర్లింది, అంతే. తర్వాత సుత్తి సెంటర్ కుర్రవాడి చేతికిచ్చి, "నీది నువ్వే కొట్టుకో" అన్నారు.

వాడు అంత గట్టిగా కూడా కొట్టలేదు. చెవి దగ్గర నుంచి నడినెత్తి దాకా విచ్చుకుంది.

వాడు సుత్తి కింద పెట్టి తన తల తడుముకున్నాడు. తర్వాత ఒక్కొక్కళ్ళూ వచ్చి ఆ పగులులో వేలు పెట్టి చూశారు. నా వైపు చూడటం మానేసినతను చూసి, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళాడు. నా వెనక నిలబడ్డ అన్న నాకొక్కడికే వినబడేట్టు, "దసరా రోజు కొట్టాల్సిన టెంకాయ, మరిసిపోయినా. ఇయ్యాల కొట్టినారు" అన్నాడు. ఆ పరిస్థితిలో నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

ముదీర్ మాత్రం నవ్వలేదు. తలుపు మీది కాగితం నాతో మళ్ళీ చదివించారు. నా తప్పుకు నన్ను నెల రోజులు తిరిగి పెయింట్ బూత్‌కు పంపారు. అన్నను జట్టు నుంచి తీసేసి సల్వాకు, మామా దగ్గరికి. "ఇఖామా కాన్సిల్ చేయలేదు, సంతోషించు" అన్నారు. అన్న బస్సు తాళంచెవి ముదీర్ చేతిలో పెట్టాడు. నేను చెప్పకుండా ఉంటే ఆ తాళంచెవి అన్న దగ్గరే ఉండేదని నాకు తెలుసు. నేను థిన్నర్ ముట్టకపోయినా ఉండేదని ఇంకా బాగా తెలుసు. ఈ రెండింటి మధ్యా నెలల తరబడి తిరిగాను.

ఆ ఏడాది వేసవి తర్వాత ప్రాక్టీసులు మొదలయ్యాయి. కొత్త డ్రైవర్ మంచివాడే, టైముకు వచ్చేవాడు. కానీ ఎవరు ఎక్కారో ఎవరు ఎక్కలేదో లెక్కపెట్టడు. రెండుసార్లు తన్నేవాణ్ణి రోడ్డు మీదే వదిలేశాడు. ఆటగాళ్ళు ముదీర్ చుట్టూ చేరి పాత డ్రైవర్ కావాలన్నారు. ఆయన కుదరదన్నారు. చివరికి పని జరిగింది ఇంకో దారిలో. ఒకరోజు మామాయే కొడుకుకు ఫోన్ చేశారట. "వీణ్ణి తీసుకుపో. కారు ఎక్కితే చాలు, నాలుగు అవకాశాలు పది గజాలు అంటాడు. నాకు ఆట మొత్తం వచ్చేసింది, వాడికి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు, అయినా ఆపడు."

అన్న తిరిగి వచ్చిన రోజు నేను పట్టీలు కొత్తగా గీస్తున్నాను. కోచ్ చెప్పిన ప్రకారం పన్నెండో గడి చేర్చాను. దాని పేరు "నేను చేసింది". మిగతా పదకొండూ హెల్మెట్ గురించి, ఇదొక్కటి నా గురించి. ఇప్పుడు మా సైటులో మీరు సంతకం పెట్టే పట్టీలో కూడా చివరి గడి అదే. ఎందుకుందని ఎవరూ అడగలేదు కానీ, అందుకుంది.

ఆ అక్టోబరులో మళ్ళీ దసరా వచ్చింది. అన్నకంటే ముందు వచ్చి కాపలా కాయాలని పొద్దున్నే ఆరింటికి స్టోర్‌కు వెళ్ళాను. ఆయన అప్పటికే తలుపు బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని. బస్సు టైర్ల కింద నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి.

"అన్నా, లోపలికి మాత్రం..."

"పోనులే. నేనేమన్నా పిల్లోణ్ణా." జేబులోంచి కుంకుమ బరిణ తీశాడు. "ఇట్రా."

"నాకెందుకండి?"

"హెల్మెట్లకు పెట్టొద్దన్న్యారు గదా. వాటిని సూసుకునే తలకాయకు పెట్టగూడదని యాడా రాయలేదే. నువ్వే చదివినావు."

తలుపు మీది కాగితం ఇంకోసారి చూశాను. నిజమే, రాయలేదు. తల వంచాను. ఆయన బొట్టు పెట్టి, సరిగ్గా మధ్యలో వచ్చిందో లేదో ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"ఇది మాత్రం సబ్బుతోనే కడుక్కో" అన్నాడు.